ఇంట చేసికొనదగిన ఏకతంత్రి

వేకువను భక్తిరంజనిలో గాయకుడు గొంతు విప్పకముందే తంబుర శ్రుతి వినవచ్చును. ఆ శ్రుతి యిల్లంతయు నిండి, లేచినవారిని లేవనివారిని ఒక్కటిగా పలుకరించును. ఆ నాదము ఎక్కడినుండి వచ్చుచున్నదని పిల్లల నడిగినచో రేడియోలోనుండి యని చెప్పుదురు. ఆ జవాబు తప్పు కాదు. కాని రేడియోకు ఆవల, ప్రసారశాలకును ఆవల, బోలుగా తొలిచిన ఒక కుండయు, ఒక దండియు, కొన్ని తీగలును ఉన్నవి. వానిని చేతితో కూర్చిన మనుష్యుడున్నాడు. ఆ కూర్పు ఎట్టిదో, అట్టిదానిని మన యింట మనమే చేసికొనుట ఎట్లో నేడు విచారింతము.

ఈ విచారణకు నన్ను పురికొల్పినది మా యింటి సంగతియే. మా నాయనమ్మగారు వాయించిన తంబుర యొకటి మా యింట గోడకు ఆని యుండెడిది. తరువాత విద్యుత్తుతో మ్రోగు శ్రుతిపెట్టె వచ్చినది. తంబురను తాకువారు లేకపోయిరి. ఒకనాడు దాని తీగ తనంతట తానే తెగినది. ఆ చప్పుడునకు మా అమ్మాయి పరుగున వచ్చి, "నాన్నగారూ, ఇంక ఇది పలకదా? తీగ ఎవరు వేస్తారు?" అని అడిగినది. పదునెనిమిది యేండ్లుగా ఇతరుల సంగీతమును ఇండ్లకు అందించుచున్న నేను, ఒక్క తీగను కట్టుట యెరుగనని ఆనాడు తెలిసికొంటిని. పాత తంబురను పాడుచేయుటకు ధైర్యము చాలక, ముందుగా ఒక చిన్న వాద్యమును చేసి చూడవలెనని నిశ్చయించుకొంటిమి. మొదటిది చెడినది. రెండవది పలికినది. ఆ రెండును నేర్పిన సంగతులనే యిచ్చట మనవి చేయుచున్నాను.

మొదట ఒక చిన్న పరీక్ష చేయుడు. సన్నని ఉక్కుతీగను రెండు చేతులతో బిగలాగి, దానిని మరియొకరిచేత మీటింపుడు. ఏమియు సరిగా వినబడదు. అదే తీగ యొక్క ఒక కొనను తలుపుచెక్కకు గట్టిగా ఆనించి మీటింపుడు. నాదము స్పష్టముగా వినబడును. దీనికి కారణము సులభము. తీగ మిక్కిలి సన్నని వస్తువు. అది ఎంత వేగముగా కదలినను గాలిని కోసికొని పోవునే గాని గాలిని కదలింపలేదు. ఆ కదలికను వెడల్పైన పలుచని పలకకు అందించినప్పుడు పలక గాలిని నెట్టును. ఆ గాలియే మన చెవిని చేరును. మీ రేడియోలోని స్పీకరు పని కూడ నిదియే. అందులో చిన్న తీగచుట్ట కదలును. ఆ చుట్టకు అంటియున్న కాగితపు గరాటు గాలిని కదలించును. వాద్యమున తీగ చుట్టవంటిది, మూత కాగితపు గరాటువంటిది. ఈ యొక్క సంగతి మనసున నుండిన, చేయవలసిన పనులలో ఏది ముఖ్యమో ఏది కాదో తనంతట తెలియును.

మనము చేయబోవు వాద్యమునకు కావలసినవి ఐదు: ఎండిన సొరబుర్ర, దండికి ఒక కర్ర, పలుచని మూత, ఒక బిరడ, ఒక తీగ.

సొరకాయను కొందరు ఆనపకాయ యందురు. కూరకు కోయు లేతకాయ మనకు పనికిరాదు. గుండ్రని కాయను తీగమీదనే ముదురనిచ్చి, తొడిమ ఎండిన పిదప కోసి, నీడలో గాలి తగులునట్లు వ్రేలాడదీయవలెను. పైతోలుమీద బూజు పట్టుట సహజము, భయపడనక్కరలేదు. కొన్ని వారములకు, పెద్దకాయయైనచో కొన్ని నెలలకు, బరువు తగ్గి, ఊపినప్పుడు లోపలి గింజలు గలగలలాడును. అదియే గుర్తు. చేదుసొర దొరకినచో అది మరింత మంచిది. దానిని నోట పెట్టుట మాత్రము ప్రమాదకరము. బుర్ర వ్యాసము 20 నుండి 25 సెంటీమీటర్లుండిన చాలును. సన్నపండ్ల రంపముతో ఒక ప్రక్కను సమముగా కోసి మూతి విప్పవలెను. లోపలి గుజ్జును నీటితో నానబెట్టి గీకివేసి, తిరిగి ఎండబెట్టవలెను. ఎండిన బుర్రను గీకునప్పుడు ముక్కునకు గుడ్డ కట్టుకొనుట మరువరాదు. ఆ దుమ్ము ఛాతీకి మంచిది కాదు.

ఇక దండి. మా మొదటి వాద్యము చెడినది యిచ్చటనే. పెరటిలోని పచ్చివెదురును నరికి తెచ్చి ఆనాడే బిగించితిని. మూడవనాటికి దండి విల్లువలె వంగినది. తీగ సడలి శ్రుతి నిలువలేదు. చిన్న తీగ యొక్కటే గదా, దాని బలమెంత యని నేను తలచితిని. లెక్క వేసి చూడగా ఆశ్చర్యమైనది. 60 సెంటీమీటర్ల పొడవు, 0.30 మిల్లీమీటర్ల లావు గల ఉక్కుతీగను సాధారణముగా మగవారు పాడు శ్రుతికి బిగించినచో, దాని కొనకు సుమారు ఒకటిన్నర కిలోల బరువు వ్రేలాడదీసినంత లాగుడు ఏర్పడును. ఆ బరువు పగలు రాత్రి దండిని వంచుచునే యుండును. వీణలో ఏడు తీగలున్నవి. వీణ చేయువారు కొయ్యను ఏల అంత ఓపికతో ఎండబెట్టుదురో నాకు అప్పుడు బోధపడినది. కావున బాగుగా ఎండిన టేకు బద్దను తీసికొనుడు. పొడవు 90 సెంటీమీటర్లు, వెడల్పు 4, మందము 2న్నర సెంటీమీటర్లుండవలెను. పాత తలుపుచట్రపు ముక్క దొరకినచో దానికి మించినది లేదు. అది ఏండ్ల తరబడి ఎండి, వంగవలసినంత ఎప్పుడో వంగి, స్థిరపడి యుండును.

బుర్ర మూతి అంచున ఎదురెదురుగా రెండు గాట్లు తీసి, దండిని వానిలో కూర్చుండబెట్టవలెను. దండి ఒక కొన బుర్రకు ఆవల 3 సెంటీమీటర్లు పొడుచుకొని రావలెను. తక్కిన పొడవంతయు రెండవ ప్రక్కకు పోవును. దండి పైముఖము బుర్ర అంచుకంటె 3 మిల్లీమీటర్లు దిగువగా నుండవలెను. ఏలయనగా మూత దండికి తగులరాదు. తగిలినచో మూత కదలదు, కదలని మూత పలుకదు. గాట్లలో వడ్రంగపు బంక పెట్టి, ఒక రోజు కదలించక ఉంచుడు.

మూతకు రెండు మార్గములు గలవు. కంజిరకు, డప్పునకు తోలు మూయువారివద్ద మేకతోలు తీసికొని, నానబెట్టి, మూతిమీద సాగదీసి, బంకతోను త్రాటితోను బిగించుట మొదటిది. దాని పలుకు బిగ్గరగా నుండును. కాని వానకాలమున తోలు సడలి శ్రుతి జారును. 2 లేక 3 మిల్లీమీటర్ల పలుచని చెక్కపలకను అంటించుట రెండవది. దాని పలుకు కొంత మెత్తన, కాని నిలుకడ యెక్కువ. మేము చెక్కనే వాడితిమి. పలకను చెవియొద్ద పట్టి వ్రేలితో తట్టి చూడుడు. మొద్దుగా పలికినచో ఉప్పుకాగితముతో ఇంకను పలుచన చేయుడు. బుర్ర ప్రక్కను వ్రేలు పట్టునంత రంధ్రమొకటి చేసినచో లోపలి గాలియు నాదమునకు తోడగును.

మూతమీద తీగను మోయు చెక్కను గుర్రమందురు. ఒక సెంటీమీటరు ఎత్తు గల గట్టికొయ్య ముక్క చాలును. దానిని మూతకు అంటింపరాదు, తీగ బిగువే దానిని నిలుపును. బుర్ర చివరనుండి 8 సెంటీమీటర్ల దూరమున దానిని నిలుపవలెను. దండి తలవైపున తీగ ఆనుకొను చిన్న చెక్కను మేరువందురు. గుర్రమునకును మేరువునకును నడుమ దూరము సరిగా 60 సెంటీమీటర్లుండవలెను. ఈ కొలత యొక్కటి తప్పరాదు, ముందు చెప్పబోవు లెక్కలన్నియు దీనిమీదనే నిలిచినవి. మేరువునకు ఆవల దండికి రంధ్రము చేసి బిరడను దూర్పవలెను. బిరడ కొనవైపు సన్నగా తీరి, రంధ్రములో బిగువుగా తిరుగవలెను. జారినచో కొంచెము సుద్దపొడి పూయుడు. తోకవైపు మేకునకు తీగను ముడివేసి, గుర్రముమీదుగా, మేరువుమీదుగా తెచ్చి బిరడకు చుట్టుడు. బిగించునప్పుడు ముఖమును దూరముగా నుంచుడు, పిల్లలకు కంటియద్దములు పెట్టుడు. తెగిన తీగ కంటిని వెదకును.

తీగ మొదట రెండు మూడు దినములు సాగుచుండును, శ్రుతి జారుచుండును. అది దోషము కాదు. మీటినప్పుడు జిర్రుమన్నచో గుర్రముమీదనో మేరువుమీదనో గాటు వెడల్పైనదని యర్థము. నాదము వెంటనే చచ్చిపోయినచో మూత దండికి తగులుచున్నదేమో చూడవలెను. ఈ రెండును సరియైనచో మీ చేతిలో నున్నది ఏకనాదము. భిక్షాటనము చేయు బైరాగి భుజముమీద వ్రేలాడునది యిదియే. ఇక్కడితో ఆగినను పాటకు శ్రుతి సిద్ధించినది. కాని ఆగుటకు మనసు రాదు. ఒకే తీగలో ఏడు స్వరములును దాగియున్నవి గదా!

తీగ పొడవు సగమైనచో స్వరము సరిగా రెట్టింపగును. అదే ఫలమును పొడవు మార్చక, బిగువుచేతనే సాధింపవలెనన్నచో బిగువును నాలుగు రెట్లు చేయవలెను. కావుననే మెట్లు గల వాద్యములలో బిరడను త్రిప్పుటకు బదులు వ్రేలితో తీగను పొట్టిచేయుదురు. గుర్రమునుండి కొలిచిన యీ దూరములను దండిమీద పెన్సిలుతో గుర్తు పెట్టుడు. వదలిపెట్టిన తీగ 60 సెంటీమీటర్లు, అది షడ్జము. 53.3 వద్ద చతుశ్శ్రుతి రిషభము. 48 వద్ద అంతర గాంధారము. 45 వద్ద శుద్ధ మధ్యమము. 40 వద్ద పంచమము. 36 వద్ద చతుశ్శ్రుతి ధైవతము. 32 వద్ద కాకలి నిషాదము. 30 వద్ద తారషడ్జము. ఇది శంకరాభరణము. ఇందు పంచమము మొత్తము తీగలో మూడింట రెండు వంతులనియు, మధ్యమము నాలుగింట మూడు వంతులనియు, గాంధారము ఐదింట నాలుగు వంతులనియు గమనింపుడు. మన చెవికి ఇంపైన స్వరములు చిన్న చిన్న అంకెల భాగములలో నుండుట ఎంత వింత! గాంధార మధ్యమముల నడుమ 3 సెంటీమీటర్లే, నిషాద తారషడ్జముల నడుమ 2 సెంటీమీటర్లే ఉన్నవి. అర్ధస్వరమనగా నేమో మాటలతో చెప్పినప్పుడు తెలియని మా అమ్మాయికి ఈ ఎడమును చూచిన క్షణముననే తెలిసినది.

గుర్తులు పెట్టిన చోట్ల మెట్లు నిలుపవలెను. వెదురుబద్దను సన్నముగా చీల్చి దండి వెడల్పునకు కోసి, మైనముతో అంటింపుడు. తేనెపట్టు మైనములో మెత్తని బొగ్గుపొడి కలిపినచో అది గట్టిపడును. మైనమును నేరుగా మంటమీద పెట్టరాదు, వేడినీటి గిన్నెలో మరియొక గిన్నెనుంచి కరగింపవలెను. మెట్టునకును తీగకును నడుమ 2 మిల్లీమీటర్ల ఎడముండిన చాలును. ఒక మెట్టుమీద నొక్కినప్పుడు తీగ తరువాతి మెట్టునకు తగిలి జిర్రుమన్నచో, ఆ రెండవదానిని కొంచెము దింపవలెను.

ఇంత జాగ్రత్తతో కొలిచి అంటించిన పిమ్మట వాయించి చూడగా స్వరములు కొంచెము కొంచెము హెచ్చుగా పలికినవి. కొలబద్ద తప్పినదా? లేదు. తీగను మెట్టుమీదికి నొక్కినప్పుడు అది కొంచెము సాగును. సాగిన తీగ బిగువెక్కును. బిగువెక్కినచో స్వరము హెచ్చును. ఎంత హెచ్చునన్నది తీగ లావునుబట్టి, మెట్టు ఎత్తునుబట్టి, నొక్కు వ్రేలి బలమునుబట్టి మారుచుండును. అది ఏ పట్టికలోను దొరకదు. మెట్టును మేరువువైపు కొంచెము జరుపవలెను, వినవలెను, మరల జరుపవలెను. మైనమును వాడుటలోని మర్మమిదియే. మేకులతో కొట్టిన మెట్టు జరుగదు. మైనము కొంచెము వేడిచేసిన మెత్తబడును, చల్లారిన గట్టిపడును. కొలబద్ద మనలను స్వరము వాకిటివరకు తీసికొనిపోవును. లోనికి పోవలసినది చెవియే.

ఈ సంగతిని మన పెద్దలు ఏనాడో యెరుగుదురు. 13వ శతాబ్దమునాటి సంగీతరత్నాకరమున కిన్నరీవీణ వర్ణితమైనది. ఆ పేరుతోనే తెలంగాణమున నేటికిని కిన్నెర వాద్యము జీవించియున్నది. వెదురుదండి, సొరబుర్రలు, మైనముతో నిలిపిన మెట్లు, వీనితో వాయించువారే చేసికొను వాద్యమది. నాగర్‌కర్నూలు జిల్లాకు చెందిన దర్శనం మొగులయ్యగారు పన్నెండు మెట్ల కిన్నెరకు గాను 2022లో పద్మశ్రీ పొందిరి. 1550లో రామామాత్యుడు రచించిన స్వరమేళకళానిధిలో ఒక్క రాగమునకు మాత్రమే మెట్లు అమర్చిన వీణయు, అన్ని రాగములకు పనికివచ్చు వీణయు వేరువేరుగా చెప్పబడినవి. 17వ శతాబ్దమున తంజావూరు నేలిన రఘునాథనాయకుని కాలమున ఇరువదినాలుగు మెట్ల వీణ స్థిరపడినదని సంగీతచరిత్రకారులందురు. నేటి వీణకు స్థాయికి పన్నెండు చొప్పున రెండు స్థాయిలకు ఇరువదినాలుగు మెట్లే. విజయనగరం జిల్లా బొబ్బిలి ప్రక్కనున్న గొల్లపల్లిలో పనసకొయ్యను తొలిచి వీణలు చేయు కుటుంబములున్నవి. ఆ వీణల మెట్లను నిలుపునదియు మైనమే. ఏండ్లు గడచిన కొలది మైనము పగులును, మెట్లు అరుగును, స్వరము తప్పును. అప్పుడు మైనమును తీసివేసి మెట్లను మరల చెవితో అమర్చవలెను. పెక్కు ఇండ్లలో మూలనున్న వీణలు చెడినవి కావు, ఈ పని చేయించక మూగవోయినవి. చేయువాని వృత్తి నిలుచుటకు కొత్తవీణ కొనువారే గాక, పాతవీణను మరల పలికించుకొనువారును కావలెను.

మన చిన్న వాద్యముతో రామామాత్యుడు చెప్పిన సంగతిని మనమును చూడవచ్చును. సంగీతము నేర్చుకొను పిల్లలు సరళీస్వరములను మాయామాళవగౌళలో ప్రారంభింతురు గదా! శంకరాభరణమునకు అమర్చిన మెట్లలో రెండింటిని మాత్రము జరుపుడు. రిషభమును 53.3నుండి 56.3 వద్దకును, ధైవతమును 36నుండి 37.5 వద్దకును జరిపినచో మాయామాళవగౌళ సిద్ధించును. ఒకచోట 3 సెంటీమీటర్లు, ఒకచోట 1న్నర సెంటీమీటరు జరిగినంతనే ఉల్లాసముగా నున్న మేళము గంభీరముగా మారుట చెవితో విని, కంటితో చూచి, చేతితో చేసినప్పుడు కలుగు ఆనందము వేరు.

శ్రోతలలో కొందరికి ఒక సందేహము కలుగవచ్చును. మహావిద్వాంసుల వీణ మీటనొక్కినంత దూరమున నుండగా, ఈ సొరబుర్ర పలుకుతో ప్రయోజనమేమి? నేను ప్రసారమునే నమ్ముకొన్నవాడను, ఈ ప్రశ్నను తప్పించుకొనజాలను. రేడియో మన ఇండ్లకు గొప్ప సంగీతమును తెచ్చినది. దానితోపాటు, సంగీతమనగా ఇతరులు చేయునది, మనము వినునది అను అలవాటును కూడ తెచ్చినది. మా నాయనమ్మగారు విద్వాంసురాలు కారు. అయినను తెల్లవారకముందు తీగను శ్రుతి చేసికొని ఒక్క కీర్తన పాడుకొనెడివారు. ఆమె వినికిడి ఆ శ్రుతి చేసికొనుటలో పదునెక్కినది. మేము మీట నొక్కి వినుటకు అలవాటుపడితిమి.

ఇప్పుడు మా యింట వేకువను భక్తిరంజని వినవచ్చునప్పుడు మా అమ్మాయి రేడియో ప్రక్కన కూర్చుండి, ఆ తంబురకు తన తీగను కలుపుచుండును. మొన్న ఒకనాడు మీటుట ఆపి, "నాన్నగారూ, గాంధారం కొంచెం ఎక్కువగా ఉంది, మైనం వేడిచేద్దామా?" అన్నది. నాకు ఏమియు తెలియలేదు. మరల మీటుమంటిని. మూడవమారు వినినప్పుడు నాకును తెలిసినది. గిన్నెలో నీరు పొయ్యిమీద పెట్టితిని. ఈ ఆదివారమున తంబురకు తీగలు వేయవలెనని అనుకొనుచున్నాము.